రాయలవారి రాజనీతి – అధికారులకు ఆత్మపరీక్ష



తిరుమల క్షేత్రంలో మహాద్వారం దాటి లోనికి ప్రవేశించిన భక్తులకు ప్రతిమా మండపంలో చేతులు జోడించి నిలిచిన మూడు లోహవిగ్రహాలు కనిపిస్తాయి. అవి విజయనగర చక్రవర్తి శ్రీకృష్ణదేవరాయలవి, ఆయన దేవేరులైన తిరుమలదేవి, చిన్నాదేవులవి. శ్రీవారి దర్శనానికి త్వరపడే మనలో చాలామందిమి వాటిని గమనింపకనే ముందుకు సాగిపోతాం. ఒక్క క్షణం ఆగి చూస్తే, లక్షలమంది సైన్యాన్ని శాసించిన చేతులు అక్కడ అంజలి ఘటించి ఉన్నవని బోధపడుతుంది. ఆజ్ఞాపించే చేయి జోడించడం కూడా నేర్చుకోవాలన్నదే ఆ ప్రతిమల ఉపదేశం.

రాజులు పోయారు, రాజ్యాలు పోయాయి, రాజనీతితో మనకేమి పని అని కొందరు అడుగవచ్చు. కాని బ్యాంకులో, కర్మాగారంలో, పాఠశాలలో, ప్రభుత్వ కార్యాలయంలో పదిమందిపై పెత్తనం గల ప్రతివానికీ ఒక చిన్న రాజ్యం ఉన్నది. అతని ముఖవైఖరిని బట్టి పది సంసారాల సాయంకాలాలు ప్రశాంతంగానో, భారంగానో గడుస్తాయి. కనుక ఈ నాటి ప్రసంగంలో రాయలవారి జీవితాన్ని ఒక అధికారి చరిత్రగా పరిశీలిద్దాం.

రాయలవారు 1509లో సింహాసనం అధిష్ఠించారు. 1520 ప్రాంతంలో విజయనగరం సందర్శించిన డొమింగో పాయెస్ అనే పోర్చుగీసు యాత్రికుడు ఆయన దినచర్యను వర్ణించాడు. తెల్లవారకముందే లేచి నువ్వులనూనె సేవించి, ఒంటికి పట్టించి, మట్టితో చేసిన బరువులెత్తి, కత్తిసాము చేసి, మల్లునితో కుస్తీపట్టి, గుఱ్ఱమెక్కి మైదానంలో స్వారీ చేసేవారట. పిదప స్నానమాచరించి, ప్రాసాదంలోని దేవాలయంలో ప్రార్థన ముగించిన తరువాతనే అధికారులను, నగరపాలకులను కలిసి రాజకార్యాలు చూచేవారట. ముందు తన దేహంపై ఏలుబడి, తరువాత దైవసన్నిధిలో వినయం, ఆ పిమ్మటనే పరులపై అధికారం. ఈ క్రమం తలక్రిందులైన చోట అధికారం అహంకారంగా మారుతుంది.

కళింగ దండయాత్ర సందర్భంలో కృష్ణాతీరాన శ్రీకాకుళం క్షేత్రంలో ఏకాదశి ఉపవాసమున్న రాయలవారికి ఆంధ్రవిష్ణువు స్వప్నంలో సాక్షాత్కరించి కావ్యరచనకు ఆనతిచ్చినట్లు ‘ఆముక్తమాల్యద’ అవతారిక తెలుపుతున్నది. గోదాదేవి కథను చెప్పి శ్రీ వేంకటేశ్వరునికి అంకితమిచ్చిన ఆ కావ్యంలో, చతుర్థాశ్వాసాన యామునాచార్యుల వృత్తాంతం వస్తుంది. రాజ్యం విడిచి వైరాగ్యమార్గం పట్టబోతూ యామునులు కుమారునికి చేసిన రాజనీతి బోధ అందులోనిదే. ఏలుతున్న చక్రవర్తి, రాజ్యాన్ని త్యజిస్తున్న మహనీయుని నోట పాలనాధర్మం పలికించడం గమనింపదగిన విషయం. పదవిని విడువగల మనస్సు ఉన్నవాడే పదవిని చక్కగా నిర్వహింపగలడు.

ఆ బోధలోని కొన్ని భావాలు నేటి అధికారులకూ శిరోధార్యాలు. రాజ్యం చిన్నదైనా చెరువులు, కాలువలు త్రవ్వించి, పేద రైతుకు పన్నులో సడలింపు ఇస్తే ధర్మమూ అర్థమూ రెండూ వృద్ధి పొందుతాయన్నారు. కష్టాలు తాళలేక ఊరు విడిచిన రైతులను పిలిపించక, వారి పశువులను, ధాన్యాన్ని అమ్ముకొనవచ్చునని, ఇళ్ళు వంటచెఱకుకు పనికివచ్చునని సంతోషించే అధికారి ఉన్న రాజు సప్తద్వీపాలు జయించినా బాగుపడడని హెచ్చరించారు. పనివాడు విడిచిపోతే ఎందుకు పోయాడని అడుగక, జీతం మిగిలిందని లెక్కవేసుకొనే యజమానులు ఈ మాటను మననం చేసుకోవాలి.

ఒకనిని అకస్మాత్తుగా పైకెత్తి పిదప తగ్గిస్తే, అతడు తన పూర్వస్థితిని తలచుకోక పగ పెంచుకుంటాడు. కనుక స్వభావమెరిగి క్రమక్రమంగా పెంచాలన్నది మరొక సూత్రం. మరణశిక్ష పడినవానికి సైతం మూడుమార్లు మొరపెట్టుకొనే అవకాశమీయాలని కూడా చెప్పారు. ఎవరు తప్పించుకుంటే తమకు ముప్పు వాటిల్లుతుందో వారి విషయంలో మాత్రం ఆలస్యం కూడదని మినహాయించారు. ఈ మినహాయింపును మనం గుర్తుంచుకుందాం.

రాయలవారు చెప్పినది చేశారనడానికి నాగలాపురం నిదర్శనం. ఈనాటి హోస్పేట ప్రాంతంలో ఆ పట్టణం నిర్మించి, పెద్ద చెరువు త్రవ్వించారు. దాని నిర్మాణంలో పోర్చుగీసు శిల్పి ఒకడు తోడ్పడ్డాడు. ఆ నీటితో సాగయ్యే భూములను తొమ్మిదేళ్ళపాటు ప్రజలకు పన్ను లేకుండా ఇచ్చారని, 1535 ప్రాంతంలో గ్రంథం రచించిన ఫెర్నావో నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు తెలిపాడు. నాటిన మరునాడే ఫలమడుగని ఓర్పు అది. క్రొత్తగా చేరిన ఉద్యోగికి నేర్చుకొనే వ్యవధి ఇవ్వని అధికారికి ఆ తొమ్మిదేళ్ళు గొప్ప పాఠం.

సోదరులారా! ఇంతటితో ముగిస్తే ఇది స్తోత్రమవుతుంది గాని చరిత్ర కాదు. రాయలవారిని గొప్ప న్యాయశీలిగా కొనియాడిన పాయెసే, ఆయనకు హఠాత్తుగా కోపం ముంచుకొచ్చేదని కూడా వ్రాశాడు. ప్రతి ఉదయం దేహాన్ని జయించిన వీరునికి ఆ ఒక్క శత్రువు లొంగలేదు.

మహామంత్రి సాళువ తిమ్మరుసును రాయలవారు ‘అప్పాజీ’ అని పిలిచేవారని మన సంప్రదాయం. నూనిజ్ కథనం ప్రకారం, అన్నగారైన వీరనరసింహరాయలు కృష్ణరాయల కన్నులు తీయించమని ఆజ్ఞాపింపగా, తిమ్మరుసు మేక కన్నులు చూపించి ఆయనను కాపాడాడు. 1524లో రాయలవారు ఆరేండ్ల కుమారుడు తిరుమలరాయలకు పట్టాభిషేకం చేశారు. ఎనిమిది నెలలకే ఆ బాలుడు మరణించాడు. తిమ్మరుసు కుమారుడు విషమిప్పించాడన్న అనుమానం రాయలవారి మనస్సులో నాటుకున్నది. తిమ్మరుసును, ఆయన కుమారులను చెరలో వేయించారు. చివరకు తిమ్మరుసు కన్నులు తీయించారు అని నూనిజ్ వ్రాశాడు. కన్నులు కాపాడినవానికి కన్నులే పోయాయి!

పుత్రశోకాన్ని మనం తేలికగా తీసిపారవేయరాదు. ఆ దుఃఖంలో మనమున్నా ఏమి చేసేవారమో! అయినా ఒక సత్యం ఇక్కడ దాగి ఉన్నది. మూడు మొరలు వినాలన్న ధర్మం కావ్యంలో నిలిచింది. ముప్పు తెచ్చువారికి వర్తింపదన్న మినహాయింపు మాత్రం జీవితంలోకి నడిచివచ్చింది. కోపమూ భయమూ ఆవరించినప్పుడు ఎంతటి ఆప్తుడైనా ఆ మినహాయింపులోని మనిషిగానే కనిపిస్తాడు. నీతి తెలియకపోవడం వలన కాదు, తెలిసిన నీతి ఆ ఘడియలో గుర్తురాకపోవడం వలననే పెద్దలు సైతం జారిపడతారు.

కనుక అధికారంలో ఉన్న మనమందరం ఒక నియమం పెట్టుకుందాం. ఎవరిమీదనైనా ఫిర్యాదు వచ్చిన నాడే దండన వ్రాయకుండా ఒక రాత్రి గడవనిద్దాం. ఆ మనిషిని పిలిచి, కూర్చుండబెట్టి, అతని మాట పూర్తిగా విందాం. మనకు అప్రియమైన సత్యం చెప్పగల ఒక పెద్దను దగ్గర ఉంచుకుందాం. ఆ పెద్దపైననే అనుమానం కలిగిన నాడు మరింత నిదానిద్దాం. ఆత్మాభివృద్ధి ఒకనాటితో ముగిసేది కాదు. ఇరవై ఏళ్ళు ధర్మంగా నడిచినవాడు సైతం ఇరవై ఒకటవ ఏట పరీక్షకు నిలబడవలసినదే.

రాయలవారు 1529లో పరమపదించారు. ఆయన ప్రతిమ నేటికీ చేతులు జోడించియే ఉన్నది. ఈసారి తిరుమల వెళ్ళినప్పుడు ఆ మండపంలో ఒక్క నిమిషం నిలబడదాం. మన క్రింద పనిచేసేవారి పేర్లు ఒక్కొక్కటిగా తలచుకొని, వారికి మనవలన కీడు జరుగకుండా కాపాడమని వేడుకొని, పిమ్మట శ్రీవారి దర్శనానికి వెళ్దాం. అట్టి వినయాన్ని ఆ వేంకటేశ్వరస్వామి మనకందరికీ ప్రసాదించుగాక!

స్వస్తి.