ప్రొక్లెయిన్ ఎందుకు వేడెక్కుతుంది? మన చేతిలోని మిషన్ చరిత్ర

జగిత్యాలలో అడిగినా, కర్నూలులో అడిగినా, శ్రీకాకుళంలో అడిగినా చైన్ల మీద నడిచే తవ్వుడు మిషన్‌ని ప్రొక్లెయిన్ అనే అంటారు. సౌదీకి వచ్చి చూస్తే ఇక్కడి అరబ్బులు కూడా దాన్ని 'బోక్లేన్' అనే పిలుస్తున్నారు. ఈ మాట తెలుగూ కాదు, అరబ్బీ కాదు. పారిస్‌కు దగ్గర్లో జార్జ్ బటాయ్ అనే ఆయన పెట్టిన పోక్లెయిన్ కంపెనీ పేరు అది. మన దేశంలో ఎల్ అండ్ టి వాళ్లు ఆ కంపెనీ డిజైన్‌తో మిషన్లు తయారు చేశారు. అలా ఆ పేరు మన ఊళ్లలో పాతుకుపోయింది. ఇప్పుడు మిషన్ మీద ఏ కంపెనీ స్టిక్కర్ ఉన్నా మనకది ప్రొక్లెయినే.

ఈ మిషన్ మీద బతికే అన్నదమ్ములు మనలో చాలామందే ఉన్నారు. ఎండాకాలం వచ్చిందంటే వాళ్ల నోట ఒకటే మాట: "బండి హీటెక్కుతోంది." ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందో తెలియకపోతే తప్పు ఆపరేటర్ మీదికే వస్తుంది. అందుకే ఈ ఏడాది పుస్తకంలో మిషన్ చరిత్రను, అందులోని వేడి చరిత్రను కలిపి చెప్పుకుందాం.

మొదట మనిషి, తర్వాత ఆవిరి

మట్టి తవ్వే మొదటి ఆవిరి యంత్రానికి అమెరికాలో విలియం ఓటిస్ అనే యువకుడు 1839లో పేటెంట్ తీసుకున్నాడు. అక్కడ రైలు మార్గాలు వేయాలి, కూలీలు దొరకరు. అందుకే యంత్రం పుట్టింది. ఆ తర్వాత 1847 నుంచి 1852 వరకు మన గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. అక్కడ మట్టీ రాయీ మోసింది మనుషులే. మనిషి చవకగా దొరికే చోటికి యంత్రం ఆలస్యంగా వస్తుంది. ఇది మన చరిత్రలో చాలాసార్లు కనిపిస్తుంది. వందేళ్ల తర్వాత నాగార్జునసాగర్ కట్టినప్పుడు కూడా వేలాది కూలీల తలల మీదే రాయి ఎక్కింది. పాలమూరు లేబర్ దేశమంతా తిరిగి కాల్వలు తవ్వింది, వడ్డెరలు రాళ్లు కొట్టారు.

ఆవిరి షవల్‌కు పెద్ద పేరు తెచ్చింది పనామా కాలువ. 1904 నుంచి 1914 వరకు అమెరికా వాళ్లు ఆ పని చేయించారు. అక్కడ జీతాలకు రెండు పట్టీలు ఉండేవి, ఒకటి గోల్డ్ రోల్, రెండోది సిల్వర్ రోల్. షవల్ నడిపే అమెరికన్ తెల్లవాళ్లు గోల్డ్ రోల్‌లో ఉండేవాళ్లు. బార్బడోస్ లాంటి దీవుల నుంచి ఓడెక్కి వచ్చిన నల్లజాతి కూలీలు సిల్వర్ రోల్‌లో ఉండేవాళ్లు. క్యాంపులు వేరు, భోజనశాలలు వేరు. ఆ రోజుల్లో మిషన్ లివరు వలస కూలీ చేతికి ఇచ్చేవాళ్లు కాదు. ఇవాళ గల్ఫ్‌లో ఆ లివరు మన చేతిలో ఉంది. చిన్న మార్పేమీ కాదు ఇది.

ఆవిరి మిషన్‌లో వేడి అనేది ఇంధనం లాంటిది. బొగ్గు మండించి నీళ్లు కాచి, ఆ ఆవిరితోనే పని. వేడి తగ్గితే పని ఆగుతుంది. తర్వాత వచ్చిన మిషన్‌లో సంగతి తలకిందులైంది. అక్కడ వేడి అంటే నష్టం.

నీళ్ల నుంచి నూనెకు

మూసిన గొట్టంలోని ద్రవాన్ని ఒక చోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పాకుతుందని పదిహేడో శతాబ్దంలోనే పాస్కల్ చెప్పాడు. ఆ సూత్రంతో ఇంగ్లాండ్‌లో జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో వాడింది నీళ్లే. నీళ్లు తుప్పు పట్టిస్తాయి, చలిలో గడ్డకడతాయి, లోపలి భాగాలకు జిడ్డు ఇవ్వవు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నీళ్ల చోట నూనె వచ్చింది. నూనెతో పాటు కొత్త సమస్య కూడా వచ్చింది. నూనె వేడెక్కితే పలచబడుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక యూరప్ అంతా శిథిలాలు. మళ్లీ ఇళ్లు కట్టాలి, రోడ్లు వేయాలి. ఆ అవసరంలోనే హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్ పుట్టింది. ఇటలీలో బ్రునేరి సోదరులు 1948లో ఒక నమూనా చేశారు. 1951లో పోక్లెయిన్ తన మొదటి హైడ్రాలిక్ మిషన్ తెచ్చింది. 1953లో ఇంగ్లాండ్‌లో జేసీబీ బ్యాక్‌హో వచ్చింది. 1954లో జర్మనీ డెమాగ్ కంపెనీ చైన్ల మీద నడుస్తూ చుట్టూ తిరిగే పూర్తి హైడ్రాలిక్ మిషన్ తెచ్చింది. 1961లో మిత్సుబిషి ఫ్రెంచ్ లైసెన్స్‌తో జపాన్‌లో తయారీ మొదలుపెట్టింది. ఈ దేశాల పేర్లు ఒకసారి మళ్లీ చూడండి. అన్నీ చల్లటి దేశాలో, ఒక మాదిరి ఎండ ఉన్న దేశాలో. ఎడారి ఒక్కటీ లేదు.

వేడి లెక్క

చేసిన పని ఎక్కడికీ పోదని, అది వేడిగా మారుతుందని ఇంగ్లాండ్ శాస్త్రవేత్త జౌల్ 1840ల్లో కొలిచి చూపించాడు. మన మిషన్‌లో జరిగేది కూడా అదే. పంపు నూనెను దాదాపు 350 బార్ ఒత్తిడి దాకా నెడుతుంది. కారు టైరులో గాలి రెండు బార్లకు కాస్త ఎక్కువ, దాంతో పోల్చి చూడండి. ఆ నూనె సిలిండర్‌ను కదిపితే అది పని. సిలిండర్ చివరిదాకా పోయి ఆగినా, బండకు తగిలి బకెట్ కదలకపోయినా, నూనె రిలీఫ్ వాల్వు గుండా ట్యాంకులోకి పోతుంది. అక్కడ ఒత్తిడి మొత్తం వేడి అవుతుంది.

లెక్క తేలికే. నిమిషానికి ఎన్ని లీటర్లో దాన్ని బార్లతో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 100 లీటర్ల నూనె 300 బార్ దగ్గర రిలీఫ్ మీద పోతే 50 కిలోవాట్లు. అంటే ట్యాంకులో 2 కిలోవాట్ల గీజర్లు 25 పెట్టినట్టు. పాత మిషన్లలో పంపు ఎప్పుడూ ఒకే మోతాదులో నూనె పంపేది. తర్వాత పని ఎంతో అంతే నూనె ఇచ్చే పిస్టన్ పంపులు, ఆ తర్వాత కంప్యూటర్ కంట్రోల్ వచ్చాయి. వేడి తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. దానికి తోడు 1967లో జర్మనీ క్రుప్ కంపెనీ హైడ్రాలిక్ బ్రేకర్ తెచ్చింది. ఇవాళ గల్ఫ్‌లో రాతినేల పగలగొట్టేది ఈ బ్రేకర్లే. బకెట్ పని కంటే బ్రేకర్ పని నూనెను ఎక్కువ వేడి చేస్తుంది.

ఇక ఎండ సంగతి. కూలర్ తన వేడిని బయటి గాలికి ఇచ్చుకోవాలి. గాలి 20 డిగ్రీలున్న రోజు నూనె 60 దగ్గర నిలబడిందనుకోండి. అదే పని 48 డిగ్రీల రోజు చేస్తే నూనె సుమారు 88కి చేరుతుంది. 82 డిగ్రీలు దాటితే సీళ్లు గట్టిపడతాయి, నూనె ఆయుష్షు పడిపోతుంది అన్నది మెకానిక్‌లు వాడే గీత. వేడితో నూనె పలచబడుతుంది. పలచబడితే పంపు లోపల లీకు పెరుగుతుంది. లీకైన నూనె మళ్లీ వేడి పుట్టిస్తుంది. ఒకసారి ఈ చక్రం మొదలైతే దానంతట అది ఆగదు.

మనం ఏం చూడాలి

మొదట ఏ ముల్లు ఎక్కిందో చూడాలి. రేడియేటర్ నీళ్లదా, హైడ్రాలిక్ నూనెదా? నీళ్ల ముల్లు ఎక్కితే కూలెంట్, థర్మోస్టాట్, ఫ్యాన్ బెల్టు చూడాలి. నూనె ముల్లు ఒక్కటే ఎక్కితే హైడ్రాలిక్ వైపు చూడాలి. రెండూ ఎక్కితే ముందుగా అనుమానించాల్సింది దుమ్ము పట్టిన కూలర్‌ని, గాలి లాగని ఫ్యాన్‌ని.

పొద్దున్నే మిషన్ చల్లగా ఉన్నప్పుడు నూనె మట్టం చూడాలి. తెల్లగా పాలలా ఉంటే నీళ్లు కలిశాయి. నురగ ఉంటే గాలి లాగుతోంది. నల్లబడి మాడు వాసన వస్తే నూనె అయిపోయినట్టే. డబ్బా మీద 46, 68 అంకెలు చూడాలి. 40 డిగ్రీల దగ్గర నూనె చిక్కదనం అది. అంకె పెద్దదైతే నూనె చిక్కన. ఈ ఎండకు ఏది వేయాలో మిషన్ పుస్తకంలో ఉంటుంది. దొరికింది పోయనియ్యకండి.

కూలర్ రేకుల మధ్య దుమ్ము బయటికి కనిపించదు. రేడియేటర్‌కు, కూలర్‌కు మధ్యలో మెత్తగా పేరుకుంటుంది. ఇంజన్ ఆపి, గాలి లోపలికి వచ్చే దిశకు ఎదురుగా, తక్కువ ప్రెషర్‌తో ఎయిర్ కొట్టాలి. ఎక్కువ ప్రెషర్ పెడితే రేకులు వంగిపోతాయి. తర్వాత మన చేతి పని చూసుకోవాలి. బండ లేవకపోయినా లివరు పట్టుకుని ఉండటం, బ్రేకర్‌ను ఒకేచోట ఆపకుండా కొట్టడం, దూరాలు ఆగకుండా నడపడం, ఈ మూడూ నూనెను కాచేవే.

ఇవన్నీ బాగుండి కూడా వేడి తగ్గకపోతే అది మెకానిక్ పని. పంపు డ్రెయిన్ లీకు కొలవడం, రిలీఫ్ ప్రెషర్ చూడటం, టెంపరేచర్ గన్‌తో ఏ వాల్వు దగ్గర వేడి ఎక్కువుందో పట్టుకోవడం ఆయన చేయాలి. రిలీఫ్ స్క్రూ మీద మనం చేయి పెట్టొద్దు.

అలారం మోగితే బకెట్ నేలకు దించి, పని ఆపి, కొన్ని నిమిషాలు ఇంజన్‌ను ఐడిల్‌లో వదలాలి. ఆవిరి వచ్చినా, కూలెంట్ కారినా వెంటనే ఇంజన్ ఆపాలి. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్లు ముఖం మీద పడతాయి. హోసు పైపు లీకును చేత్తో వెతకొద్దు. సన్నటి నూనె ధార చర్మంలోకి దూరుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా ఆలస్యమైతే వేలు, చేయి తీసేయాల్సి వస్తుంది. అప్పుడు క్యాంపు క్లినిక్ చాలదు, నేరుగా పెద్దాసుపత్రికే పోవాలి.

మనిషి కూలర్

మిషన్‌కు కూలర్ ఉన్నట్టే మన ఒంటికి చెమట ఉంది. గాలిలో తేమ పెరిగితే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. దుబాయ్, అబుదాబి ఉన్న ఎమిరేట్స్‌లో మధ్యాహ్నం పని నిషేధం 2005లో మొదలైంది. ఇప్పుడు అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. ఖతర్‌లో 2021 నిబంధన ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి 3:30 వరకు బయట పని నిషేధం. ఎండా తేమా కలిపి కొలిచే సూచిక 32.1 దాటితే ఏ వేళైనా పని ఆపాలి. మిషన్‌కు వేడి మీటరు వచ్చిన ఎన్నో ఏళ్లకు గానీ మనిషికి ఈ మీటరు రాలేదు.

క్యాబిన్‌లో ఏసీ ఉంది కదా అని ఫోర్‌మన్ అంటాడు. ఏసీ చెడిపోతే ఆ గాజు పెట్టె బయటి కంటే ఎక్కువ కాలుతుంది. ఏసీ చెడిపోవడాన్ని కూడా మిషన్ బ్రేక్‌డౌన్ లాగే రిపోర్ట్ చేయండి.

చివరగా మా ఫోరం తరఫున ఒక్క మాట. మా దగ్గరకు వచ్చే గొడవల్లో ఇది ఒకటి: పంపు పోతుంది, "నువ్వే పాడు చేశావు" అని జీతంలో కోత పెడతారు. నోటి మాటకు సాక్ష్యం ఉండదు. కాబట్టి ముల్లు ఎక్కిన రోజే మీటరు ఫోటో తీయండి. తేదీ, టైము, ఏ పని చేస్తున్నారో, ఎవరికి చెప్పారో రాసి ఫోర్‌మన్‌కు వాట్సాప్ పెట్టండి. "అయినా నడుపు" అంటే ఆ మాట కూడా మెసేజ్‌లోనే అడిగి తీసుకోండి. అరబ్బీ రాకపోయినా ఫర్వాలేదు, ఫోటోకు భాష అక్కర్లేదు. లెక్కలు చూసుకునే రోజు ఆ ఫోటోలతో మా దగ్గరికి రండి, కూర్చుని మాట్లాడదాం.