పాత వీడియో టేపులు - చిత్రచట్రము: తిరువళ్ళూరు, తిరుత్తణి తెలుగు కుటుంబముల దృశ్యాధారములు

తిరువళ్ళూరు, తిరుత్తణి సీమలు తెలుగు తమిళములు రెండును చిరకాలముగా కలసి వర్ధిల్లిన ప్రదేశములు. చిత్తూరు జిల్లాలో నుండిన తిరుత్తణి ప్రాంతము పటాస్కరు తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1వ తేదీన మద్రాసు రాష్ట్రమున చేరినది. 1997లో చెంగల్పట్టు జిల్లానుండి తిరువళ్ళూరు జిల్లా యేర్పడగా ఈ రెండు పట్టణములును అందు భాగములైనవి. ఎల్లలు మారినను పెక్కు ఇండ్లలో తెలుగు నిలిచినది. అయితే ఆ యింటి తెలుగునకు వ్రాతమూలమైన ఆధారములు తక్కువ. పెండ్లిపాటలు, మంగళహారతులు, వృద్ధుల పలుకుబడి గ్రంథముల కెక్కినది స్వల్పము. వానిలో కొంత 1980 తరువాతి వీడియో టేపులలో దాగియున్నది. ఈ టేపులను డిజిటల్ రూపమునకు మార్చునపుడు చిత్రమునకు ఏ ఆకారము నియ్యవలెనన్నది కేవలము యంత్రవిషయము కాదు. అది చరిత్రాధారమును కాపాడు విషయము.

చిత్రచట్రమునకు వెడల్పు ఎత్తుల నిష్పత్తి ప్రధానము. 1890 దశకమున ఎడిసన్ ప్రయోగశాలలో డిక్సన్ రూపొందించిన 35 మిల్లీమీటర్ల ఫిలిముపై బొమ్మ వెడల్పు నాలుగు పాళ్ళు, ఎత్తు మూడు పాళ్ళు. తరువాత టెలివిజను ఆ నిష్పత్తినే గ్రహించినది. టెలివిజను పోటీని తట్టుకొనుటకు చలనచిత్ర పరిశ్రమ 1953లో సినిమాస్కోపు నాశ్రయించి తెరను విశాలము చేసినది. తెలుగున సినిమాస్కోపులో వెలువడిన తొలి చిత్రము 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'. కాని యింటి టెలివిజను మాత్రము 4:3 చట్రమును విడువలేదు. 1976లో జపానునందలి జేవీసీ సంస్థ వెలువరించిన వీహెచ్ఎస్ టేపును ఆ చట్రమునకే అనుగుణమైనది. భారతదేశమున 1982లో ఏషియాడు సందర్భమున రంగుల ప్రసారములు మొదలైన పిమ్మట వీడియో యంత్రములు పట్టణములలో వ్యాపించినవి. పెండ్లిండ్లు, షష్టిపూర్తులు, బడి వార్షికోత్సవములు వీడియోకెక్కినవి. 16:9 అను వెడల్పు నిష్పత్తి 1980 దశకమున ప్రతిపాదింపబడినను, ఇండ్లలో అది స్థిరపడినది 2000 తరువాతనే. నేటి చిక్కునకు మూలమిదియే.

పాత చిత్రమును క్రొత్త తెర నిండునట్లు చేయబోయి కలిగించు లోపములు రెండు. మొదటిది సాగదీయుట. ఇట్లు చేసినచో ప్రతి వస్తువును మూడవవంతు అధికముగా వెడల్పగును. సన్నని మనిషి స్థూలకాయుడగును. గుండ్రని ముఖము కోలగిలును. రెండవది కత్తిరించుట. ఇందు చిత్రపు ఎత్తులో నాలుగవవంతు నశించును. తిరుత్తణి ఆడికృత్తిక దృశ్యమున కావడికి పైనుండు నెమలిపింఛముల వంపు పోవచ్చును. పెండ్లి దృశ్యమున నేలపై కూర్చుండి పాడుచున్న ముత్తైదువలు పోవచ్చును. బడి వేదిక వెనుక తెరపై తెలుగు అక్షరములలో వ్రాసిన పాఠశాల పేరు పోవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, కెమెరా తానుగా అడుగు మూలను ముద్రించిన తేదీ తెగిపోవచ్చును. తేదీ పోయిన పత్రము చరిత్రకారునకు సగము పత్రమే.

ఇంకొక సూక్ష్మమైన పొరపాటు కలదు. మన దేశపు పాల్ పద్ధతిలో 625 గీతలుండగా, కనబడునవి 576. డిజిటల్ రూపమున దీనిని సామాన్యముగా అడ్డమునకు 720, నిలువునకు 576 పిక్సెళ్ళుగా నుంతురు. ఆ పిక్సెళ్ళు చతురస్రములు కావు. కంప్యూటరు వానిని చతురస్రములుగా భావించి చూపినచో నిష్పత్తి 5:4 అగును. మనుష్యులు కొంచెము సన్నగా కనబడుదురు. కావున మూలప్రతికి 4:3 అను గుర్తును చేర్చవలెను. చతురస్ర పిక్సెళ్ళు గల చూపుప్రతి కావలసినచో 768, 576 కొలతలు గ్రాహ్యములు.

అయితే అన్ని టేపులును ఒక్క తీరువి కావు. టెలివిజనునుండి ఎక్కించిన సినిమాస్కోపు చిత్రములలో పైనను క్రిందను నల్లని పట్టీలుండును. అప్పుడును మొత్తము చట్రము 4:3 యే. 1995లో వచ్చిన మినీ డీవీ కెమెరాలలో కొన్ని వెడల్పు దృశ్యమును అడ్డముగా నొక్కి అదే చట్రమున ఇమిడ్చినవి. అట్టివి 4:3లో చూచిన మనుష్యులు పొడవుగా, బక్కపలుచగా నుందురు. వానికి 16:9 యే తగినది. సందేహము కలిగినపుడు గుండ్రని వస్తువును కొలిచి చూచుట ఉత్తమము. ఎదురుగా కనబడు గోడ గడియారము, ప్రక్కనుండి చూచిన రథచక్రము ఇందుకు తగినవి. అడ్డుకొలతయు నిలువుకొలతయు సమానమైనచో నిష్పత్తి సరియైనది. నేలపై నున్న తాంబూలపు పళ్ళెము ఏటవాలుగా కనబడును గావున కొలతకు పనికిరాదు.

చట్రపు అంచులను గూర్చియు ఒక మాట. వీహెచ్ఎస్ చిత్రమునకు అడుగున కొన్ని గీతలు చెదరి కనబడును. యంత్రమున తిరుగు తలలలో ఒకటి ఆగి మరియొకటి అందుకొనుటచే కలుగు చిహ్నమది. పాత టెలివిజన్ల అంచులు దానిని కప్పివేసెడివి. మూలప్రతిలో దానిని కూడ కోయరాదు. బంధువుల కిచ్చు ప్రతిలో కోసినను, ప్రక్కల నల్లని పట్టీలు పెట్టినను దోషము లేదు. మూలప్రతి చెడనంతవరకు చూపుప్రతిని మరల మరల చేసికొనవచ్చును.

ఈ కార్యమునకు గడువు తక్కువ. వీహెచ్ఎస్ యంత్రములను చివరివరకు చేసిన ఫునాయి సంస్థ 2016లో ఉత్పత్తి నాపివేసినది. 2025 ప్రాంతమునకు టేపులను ఆడించు యంత్రములే దుర్లభములగునని 2019లో యునెస్కోయు, ధ్వనిదృశ్య భాండాగారముల అంతర్జాతీయ సంఘమును హెచ్చరించినవి. తమిళనాట 2006-07 నుండి ఒకటవ తరగతి మొదలుకొని తమిళము నిర్బంధ పాఠ్యాంశమైన తరువాత బడిలో తెలుగు చదువుకొను అవకాశము సన్నగిల్లినది. బడిలో దొరకని పలుకు ఇంటి టేపులో దొరకవచ్చును. అందుచే ప్రతి కుటుంబమును తన టేపులను వెదకి, మార్పించునపుడు చిత్రమును సాగదీయవలదనియు, కోయవలదనియు ముందుగానే చెప్పి, దృశ్యమందలి వారి పేర్లు, ఊరు, తేదీ ఒక కాగితమున వ్రాసి దానితో నుంచవలెను. తాతమ్మ ముఖము ఆమె ముఖముగానే మనుమల కందుట ధర్మము.