నలభై వేల చాకు

మడిచి జేబులో వేసుకునే చాకు ఒకటి నాలుగొందల యాభై డాలర్ల పైనే ఉంటుందని చెబితే మనవాళ్ళెవరైనా మొదట అడిగేది "ఏం, బంగారంతో చేశారా?" అని. బంగారం కాదు, టైటానియం. దాని పేరు సెబెంజా. అమెరికాలో ఐడహో రాష్ట్రంలో బోయిసీ అనే ఊళ్ళో క్రిస్ రీవ్ నైవ్స్ అనే కంపెనీ చేస్తుంది. మన లెక్కలో నలభై వేల దాకా, కస్టమ్స్ వాళ్ళు వేసేది కాక. ఇటుపక్క ఫ్రాన్సులో తయారయ్యే ఒపినెల్ నంబర్ 8 అనే చాకు ఉంది, పదిహేను యూరోల చుట్టుపక్కల దొరుకుతుంది. రెండూ మడత పడతాయి, రెండూ లాక్ అవుతాయి, రెండూ ఆపిల్ కోస్తాయి. నిజానికి ఆపిల్‌ని పదిహేను యూరోలదే బాగా కోస్తుంది. ఎందుకో తర్వాత చెప్తాను.

మరి ఆ నలభై వేలు దండగేనా? కొన్నవాడిని అడిగితే "ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడు, తెలుస్తుంది" అంటాడు. కొననివాడు "ఎంత పెట్టినా కోసేది ఉల్లిపాయేగా" అంటాడు. ఇద్దరూ ఇవాళ్టి చాకుని ఇవాళ్టి ధరతోనే పోలుస్తున్నారు. ఆ ధర ఎక్కడ మొదలై ఎలా పెరుగుతూ వచ్చిందో వెనక్కెళ్ళి చూస్తే గానీ లెక్క తేలదని నాకనిపిస్తుంది.

మడతచాకు కొత్త వస్తువేం కాదు. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ తవ్వకాల్లో ఎముక పిడితో ఉన్నది ఒకటి దొరికింది, దాని వయసు రెండున్నర వేల ఏళ్ళు. రోమన్లకైతే ఇవి మామూలే. కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో క్రీ.శ. 3వ శతాబ్దం నాటి రోమన్ పనిముట్టు ఒకటుంది. చాకు, చెంచా, ఫోర్కు, ఇంకో మొనదేలిన పుల్ల, అన్నీ ఒకే పిడిలోకి మడత పడతాయి. అది వెండిది. అంటే జేబులో చాకుతో పాటు హోదా కూడా పెట్టుకు తిరగడం పదిహేడు వందల ఏళ్ళ కిందటే ఉందన్నమాట :)

అయితే వెండి చూపించుకోవడానికి. కోసే ఇనుముకే ఎక్కువ డబ్బులివ్వడం అనే అలవాటు వేరు. దాని కథలో మన ఊరు కూడా ఉంది.

1740ల్లో ఇంగ్లండులో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు మూసలో ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టాడు. గడియారం స్ప్రింగులకి అప్పుడు దొరికే ఉక్కు నచ్చక మొదలుపెట్టిన పని అది. షెఫీల్డ్ చాకుల వాళ్ళు మొదట్లో "ఇది మరీ గట్టిది, పని చెయ్యలేం" అని కొననేలేదు. హంట్స్‌మన్ దాన్ని ఫ్రెంచి వాళ్ళకి అమ్ముకున్నాడు. ఆ ఉక్కుతో చేసిన ఫ్రెంచి చాకులు ఇంగ్లండుకే వచ్చి అమ్ముడుపోతుంటే అప్పుడు దారికొచ్చారు. యూరపులో ఇది కొత్త. మన దగ్గర, అంటే తెలంగాణలో, మూసలో ఉక్కు చెయ్యడం అప్పటికే వందల ఏళ్ళ పాతది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దానికి పేరుపడ్డ ఊరు. పర్షియా వర్తకులు ఆ ఊరిదాకా వచ్చి ఉక్కు ముద్దలు కొనుక్కుపోయేవారు. 1820 ప్రాంతంలో కూడా ఆ కొలిమిలు నడుస్తున్నాయని త్రికోణమితి సర్వేలో పనిచేసిన డాక్టర్ హెన్రీ వాయిసీ రాసిపెట్టాడు. ఇంగ్లీషు వాళ్ళు దీన్ని వూట్జ్ అన్నారు. మన ఉక్కు అనే మాటే అలా అయిందని చాలామంది ఒప్పుకుంటారు.

1790ల్లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే డాక్టరు వూట్జ్ ముద్దలు కొన్ని లండన్ పంపించాడు. వాటిని పరీక్షకిచ్చిన వాళ్ళలో జేమ్స్ స్టోడార్ట్ అనే ఆయన ఉన్నాడు. కత్తులు, మంగలికత్తులు, ఆపరేషన్ పనిముట్లు చేసే ఆసామి. ఆయనకి ఈ ఉక్కు ఎంత నచ్చిందంటే, తన దుకాణం కార్డు మీదే భారతదేశపు వూట్జ్‌తో చేసిన సరుకు దొరుకుతుందనీ, యూరపు ఉక్కు కంటే ఇదే మేలనీ అచ్చువేయించుకున్నాడు. ఇవాళ చాకు బ్లేడు మీద ఉక్కు పేరు చెక్కి అమ్ముతున్నారు చూడండి, దానికి తాతలాంటి కార్డు అది. తర్వాత ఇదే స్టోడార్ట్ మైకేల్ ఫారడేతో కలిసి (అవును, మనం బట్టీపట్టిన ఫారడేనే, వాళ్ళ నాన్న కమ్మరి) వూట్జ్ గుట్టేమిటో కనుక్కోవడానికి 1819, 1820ల్లో ప్రయోగాలు చేశాడు. అందులో అల్యూమినియం ఉండడం వల్లే ఆ గుణం అనుకున్నారు. అది కాదు, ఎక్కువ మోతాదులో ఉన్న కర్బనం, దాన్ని నిదానంగా చల్లార్చిన తీరు. గొప్ప సరుకు అని చేతికి తెలుస్తోంది, ఎందుకు గొప్పో తెలియట్లేదు, ఈలోపు ధర మాత్రం పెరిగిపోయింది. కోనసముద్రం కమ్మరికి ముద్దకింత అని వచ్చింది, లండన్ కార్డు మీద పేరు పెట్టుకున్నాయనకి మంగలికత్తి ధర వచ్చింది. మన సర్వీసు కంపెనీల్లో పనిచేసే వాళ్ళకి ఈ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక 19వ శతాబ్దం చివరికొస్తే కథ అడ్డం తిరుగుతుంది. ఇప్పుడు అందరి తపనా చవగ్గా చెయ్యడం మీదే. 1890లో ఫ్రాన్సులోని సవోయ్ కొండల్లో పద్దెనిమిదేళ్ళ జోసెఫ్ ఒపినెల్ చుట్టుపక్కల రైతుల కోసం బీచ్ చెక్క పిడితో ఒక చాకు చేశాడు. 1897కల్లా ఒకటి నుంచి పన్నెండు దాకా సైజులు. ఇందులో స్ప్రింగు లేదు, రివెట్లు లెక్కపెట్టేంత లేవు, చెక్కకి గాడి కొట్టి బ్లేడు బిగించడమే. 1955లో మార్సెల్ ఒపినెల్ మెడ దగ్గర తిరిగే రింగు ఒకటి పెట్టాడు. తెరిచాక రింగు తిప్పితే బ్లేడు వేళ్ళ మీదకి మూసుకుపోదు. అంతే, అదే లాకు. ఇంతకంటే తక్కువ భాగాలతో లాకయ్యే చాకు చెయ్యండి చూద్దాం అని ఏ మెకానికల్ వాడినైనా పందెం కట్టొచ్చు.

స్విట్జర్లాండులో కార్ల్ ఎల్స్‌నర్‌ది ఇంకో కథ. 1884లో ఇబాక్‌లో దుకాణం పెట్టి, సైన్యానికి 1891 నుంచి చాకులు సరఫరా చేశాడు. సైన్యం అడిగింది సింపుల్: సిపాయి డబ్బా తెరవాలి, రైఫిల్ విప్పాలి. కానీ జర్మనీలోని జోలింగెన్ ఫ్యాక్టరీలు అదే చాకుని అంతకంటే చవగ్గా ఇవ్వగలిగాయి. ఎల్స్‌నర్ దివాలా అంచుకి వెళ్ళొచ్చాడు. 1897లో ఆయన ఒకే స్ప్రింగుకి రెండు వైపులా పనిముట్లు బిగించే ఉపాయంతో ఆఫీసర్ల చాకు చేశాడు, అదే ఆయన్ని నిలబెట్టింది. తమాషా ఏమిటంటే సైన్యం దాన్ని ఆఫీసర్లకి ఇవ్వలేదు, ఆఫీసర్లే సొంత డబ్బుతో కొనుక్కున్నారు. తల్లి విక్టోరియా పేరుకి 1921లో స్టెయిన్‌లెస్ ఉక్కుని సూచించే ఐనాక్స్ చేరి విక్టోరినాక్స్ అయింది.

ఇప్పుడు మన నలభై వేల దగ్గరకి వద్దాం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో మడతచాకుకి ఒక్కటే అసలు సమస్య: బలంగా వాడితే లాకు జారుతుంది. 1964లో వచ్చిన బక్ 110 వీపు వైపు లాకుతో దాన్ని చాలావరకు తీర్చింది కానీ అది పావుకేజీకి దగ్గర్లో ఉంటుంది, మూయడానికి రెండు చేతులు కావాలి. 1981లో సాల్ గ్లెసర్ స్పైడర్కో కంపెనీ నుంచి వర్కర్ అనే మోడల్ తెచ్చాడు: బ్లేడులో గుండ్రటి రంధ్రం, బొటనవేలు పెట్టి ఒంటిచేత్తో తెరవడానికి, పిడికి క్లిప్పు, జేబు అంచుకి తగిలించుకోవడానికి. ఇవాళ అంగట్లో కనపడే చాకుల్లో సగం పైగా ఈ రెండు ఆలోచనల పిల్లలే అంటే అతిశయోక్తి కాదనుకుంటా. అదే సమయంలో మైకేల్ వాకర్ అనే కళాకారుడు పిడి లోపలి పల్చటి రేకే స్ప్రింగులా వచ్చి బ్లేడు వెనక అడ్డంపడే లైనర్ లాకుని ఆధునిక రూపానికి తెచ్చాడు.

క్రిస్ రీవ్ చేసింది దాని మీద ఒకే ఒక్క మార్పు. ఆయన దక్షిణాఫ్రికాలో టూల్ అండ్ డై పనివాడు, 1989లో బోయిసీకి వలసవచ్చాడు. పల్చటి రేకు ఎందుకు, మందమైన టైటానియం పిడి పలకనే ఒక పక్క చీల్చి దాన్నే లాకుగా చేస్తే పోలా అనుకున్నాడు. గట్టిగా పట్టుకున్నకొద్దీ మన వేళ్ళే లాకుని ఇంకా బిగిస్తాయి. సెబెంజా అంటే జులూ భాషలో పని. అసలు నేను ఎక్కువ ముచ్చటపడేది ఆ లాకుని చూసి కాదు, ఇరుసుని చూసి. మామూలు చాకులో ఇరుసు స్క్రూ బిగిస్తే బ్లేడు కదలదు, వదులు చేస్తే ఊగుతుంది, మధ్యలో ఎక్కడో ఆపాలి. సెబెంజా ఇరుసులో చిన్న బుషింగ్ ఉంటుంది. దాని పొడుగూ, బ్లేడు మందం, వాషర్ల మందం ఎంత కచ్చితంగా కుదురుతాయంటే స్క్రూని చివరిదాకా బిగించెయ్యచ్చు, బ్లేడు హాయిగా తిరుగుతుంది. చాలా కంపెనీలు "విప్పితే వారంటీ పోయింది" అంటే వీళ్ళు పెట్టెలోనే ఆలెన్ కీ పెట్టి విప్పుకోమంటారు. కోడు ఓపెన్‌గా ఇచ్చి, చదువుకోమని డాక్యుమెంటేషన్ కూడా ఇచ్చినట్టు.

రెండోది ఉక్కు. క్రూసిబుల్ అనే అమెరికన్ కంపెనీ (ఆ పేరుకి అర్థం మూస, చూడండి ఎక్కడికొచ్చామో) 1970 ప్రాంతం నుంచి సీపీఎం పద్ధతిలో ఉక్కు అమ్మింది. పార్టీ కాదు లెండి. కరిగిన ఉక్కుని సన్నటి ధారగా పోస్తూ దాని మీదకి గ్యాసు కొడితే పొడిగా మారి వెంటనే గడ్డకడుతుంది. ఆ పొడిని వేడితో, ఒత్తిడితో దిమ్మగా చేస్తారు. నిదానంగా చల్లారితే గట్టి కార్బైడ్లు పెద్ద పెద్ద గుంపులుగా చేరతాయి, పొడిలో ఆ వ్యవధి ఉండదు కాబట్టి సన్నగా, సమంగా ఉంటాయి. 2001లో ఇలా చాకుల కోసమే ఎస్30వి అనే ఉక్కు వచ్చింది, నూటికి నాలుగు పాళ్ళు వనాడియంతో. దాని రూపకల్పనలో క్రిస్ రీవ్ సలహా కూడా ఉంది. పదును ఎక్కువకాలం నిలుస్తుంది, ఇందులో మాయేం లేదు.

కానీ పదును నిలవడం వేరు, కొయ్యడం వేరు. ఇదే ఆపిల్ సంగతి. ఒపినెల్ బ్లేడు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, సెబెంజాది మూడు దాకా ఉంటుంది. మందమైన బ్లేడు ఆపిల్లోకి ఆప్పలా దిగుతుంది, కొయ్యడం కంటే చీల్చడం ఎక్కువ. ఏ వనాడియమూ దీన్ని మార్చలేదు. పైగా వనాడియం కార్బైడ్లు మామూలు సానరాయి కంటే గట్టివి, డైమండ్ ప్లేటు ఉంటే గానీ సుఖంగా పదునెక్కదు. మన వీధిలో సైకిల్ తొక్కుతూ సానపట్టే ఆయనకి ఇస్తే ఆ వేడికి అంచు మెత్తబడి డబ్బులు రెండువిధాలా పోతాయి. ఒపినెల్ కార్బన్ ఉక్కు తుప్పు పడుతుంది గానీ ఇంట్లో ఉన్న రాయి మీద నాలుగు రుద్దులు రుద్దితే చాలు.

నా మటుకు నాకు తేలింది ఇది. 1990ల మొదట్లో సెబెంజా కొన్నవాడికి ఆ ధర గిట్టింది. అలాంటి లాకు, అంత కచ్చితమైన ఇరుసు ఇంకోచోట డబ్బులిచ్చినా దొరికేవి కావు. అతను ఒక పరిష్కారాన్ని కొన్నాడు. కానీ ఆ లాకుని తర్వాత ప్రపంచమంతా చేసింది. చైనాలో యాంగ్‌జియాంగ్ అనే చాకుల ఊరు ఉంది, అక్కడి ఫ్యాక్టరీల నుంచి అదే రకం లాకుతో, మంచి ఉక్కుతో, వంద డాలర్ల చుట్టుపక్కల చాకులొస్తున్నాయి, అవి బాగానే ఉంటున్నాయి కూడా. వంద దాకా ధర పెరిగినకొద్దీ చాకు నిజంగా మెరుగవుతుంది. వంద నుంచి నాలుగొందల యాభై దాకా పెరిగేది ఆ బుషింగ్ లాంటి పని తీరు, అమెరికన్ కూలీ, పాడైతే వెనక్కి తీసుకుని బాగుచేసే పూచీ. అవేవీ అబద్ధం కాదు. కాకపోతే హైదరాబాదులో కూర్చుని ఐడహోకి చాకు కొరియర్ చేసి తిరిగి తెప్పించుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ పూచీకి మనమూ అంతే డబ్బు కడుతున్నాం, వాడుకునేది మాత్రం అక్కడివాళ్ళు. ఉక్కు పేరు చూసి మాత్రం అసలు కొనకండి. బక్ 110కి వాడే 420హెచ్‌సీ కాగితం మీద చవక ఉక్కే, కానీ పాల్ బాస్ పద్ధతిలో కాచి ఆరబెట్టడం వల్ల దశాబ్దాలుగా పేరు నిలబెట్టుకుంది. ఎస్30వి ఇచ్చిన క్రూసిబుల్ కంపెనీయేమో 2024 డిసెంబర్లో దివాలా పిటిషన్ వేసింది.

పని తీరు చూసి ముచ్చటపడి కొంటానంటే నేనేం అడ్డుచెప్పను, గడియారాలకి అంతకు పదింతలు పెట్టేవాళ్ళున్నారు. నన్నడిగితే ఒపినెల్ నంబర్ 8 ఒకటి, విక్టోరినాక్స్ ఒకటి, మిగిలిన దాంతో ఒక మంచి డైమండ్ ప్లేటు.

ఇంకో సంగతి, వారం వారం విమానం ఎక్కేవాళ్ళ కోసం. 2001 సెప్టెంబర్ తర్వాత క్యాబిన్లో చాకు నిషేధం. 2013 మార్చిలో అమెరికా భద్రతా సంస్థ చిన్న చాకుల్ని మళ్ళీ రానిస్తామని ప్రకటించి, విమాన సిబ్బంది గొడవ చేస్తే జూన్‌లో వెనక్కి తగ్గింది. మన దగ్గర కూడా చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి. ఆదివారం రాత్రి ఫ్లైటుకి హ్యాండ్ బ్యాగేజీ ఒక్కటే తీసుకుని పరిగెత్తే వాళ్ళు జేబు ఒకసారి తడుముకుని బయల్దేరండి, శంషాబాద్ స్కానరు దగ్గర పదిహేను యూరోలదీ నాలుగొందల యాభై డాలర్లదీ ఒకే డబ్బాలో పడతాయి.