ఇంటికీ ఒక సర్టిఫికెట్: ఇంగ్లండులో ఈ.పి.సి. పుట్టుపూర్వోత్తరాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శి గారు నన్ను కోరారు. 1973 నుంచి 2007 వరకు రిజిస్ట్రేషన్ శాఖలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి కనుక దస్తావేజుల చరిత్ర రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. 1998లో మన ఆఫీసులకు కంప్యూటర్లు తెచ్చిన 'కార్డ్' పథకం గురించి నాకంటే బాగా రాయగల మిత్రులు మనలో ఉన్నారు. నేను మాత్రం పరాయి దేశపు కాగితం ఒకదాని గురించి రాస్తున్నాను. ఆ కాగితాన్ని సకాలంలో చూడకపోవడం వల్ల మా ఇంట్లో ఒక చలికాలం పాడైంది. తప్పు సగం నాదే.

మా అమ్మాయి, అల్లుడుగారు ఇంగ్లండులోని లెస్టరు పట్టణంలో ఉంటున్నారు. 2018 జూలైలో అద్దెకు ఇల్లు చూసుకుంటూ, పాతకాలపు ఇల్లొకటి తక్కువ అద్దెకు వస్తోందని ఫోనులో చెప్పారు. "అద్దె తక్కువైతే ఇంకేం కావాలి, తీసేసుకోండి" అని సలహా ఇచ్చినవాణ్ణి నేనే. డిసెంబరులో నేనూ మా ఆవిడా వెళ్ళాం. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, వీధి చివరి ఇల్లు, గ్యాసు లేదు, అన్నీ పాత కరెంటు హీటర్లే. అవి వేస్తే మీటరు పరుగెత్తేది, ఆపితే పావుగంటలో గది చల్లబడేది. బీరువా వెనక గోడకు నల్లటి బూజు పట్టి ఉంది. నాలుగేళ్ళ మనవరాలు రాత్రంతా దగ్గుతుంటే మేము ముసలివాళ్ళం ఇద్దరం రెండు రగ్గులు కప్పుకొని మేలుకొని కూర్చునేవాళ్ళం.

ఊరికే కూర్చోలేక ఒకరోజు ఇంటి కాగితాల కట్ట తెమ్మన్నాను. అద్దె ఒప్పందం, డిపాజిట్ రసీదు, వాటి వెనక మన ఫ్రిజ్ మీద అంటించే చీటీలాంటి రంగుల చారల కాగితం. దానిపేరు ఎనర్జీ పెర్ఫార్మెన్స్ సర్టిఫికెట్, పొట్టిగా ఈ.పి.సి. అందులో 'ఎఫ్' అని, పక్కన 33 అని ఉంది. "ఇదేమిటమ్మా?" అంటే, "ఏజెంటు ఇచ్చాడు నాన్నా, ఏదో ఫార్మాలిటీ అన్నాడు" అంది. ముప్పై నాలుగేళ్ళు "ఈ.సి. తీయకుండా బయానా ఇవ్వకండి" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పినవాణ్ణి, నా కూతురికి ఏం కాగితాలు ఇచ్చారని ఒక్కమాట అడగలేదు.

ఇంతకీ ఈ కాగితం ఎక్కడిది? దాని మూలం 1973లో ఉంది. ఆ ఏడే నేను ఉద్యోగంలో చేరాను. అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు సరఫరా బిగించాయి. పీపా మూడు డాలర్లున్న చమురు కొద్ది నెలల్లో పన్నెండు డాలర్ల దరిదాపులకు పోయింది. మనం కిరసనాయిలు క్యూలలో నిలబడ్డాం. చలిదేశాలవారికి ఇంకొక సంగతి తెలిసివచ్చింది. వారు కొనే ఇంధనంలో పెద్దభాగం ఇళ్ళు వెచ్చబెట్టడానికే పోతోంది, ఆ వేడి గోడల్లోంచి, పైకప్పుల్లోంచి బయటకు పోతోంది. ఇల్లు ఎంత కారుతున్నదో కొలిచే లెక్క కావలసివచ్చింది. 1986లో మిల్టన్ కీన్స్ అనే కొత్త పట్టణంలో తక్కువ ఇంధనంతో నడిచే ఇళ్ళ ప్రదర్శన పెట్టి, వాటికి ఖర్చు సూచిక కట్టారు. ప్రభుత్వం కోసం బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ తయారుచేసిన 'శాప్' అనే లెక్క 1990ల మొదట్లో వచ్చింది. నేటి సర్టిఫికెట్లోని అంకె దానిదే.

రంగుల చారలు మాత్రం ఫ్రిజ్‌ల నుంచి వచ్చినవే. 1992లో యూరోపియన్ ఆర్థిక సమాజం గృహోపకరణాలకు 'ఎ' నుంచి 'జి' వరకు గుర్తులు వేయాలన్నది. మరుసటేడు ఇళ్ళకు కూడా సర్టిఫికెట్లు ఇవ్వండని సభ్యదేశాలకు చెప్పింది గాని అది సుతిమెత్తని ఉత్తర్వు, చాలా దేశాలు ఫైలు మూసి పెట్టాయి. డెన్మార్కు మాత్రం 1997లోనే ఇళ్ళ లేబుళ్ళు మొదలుపెట్టింది. చివరకు 2002 డిసెంబరు 16 నాటి ఆదేశంతో తప్పనిసరి అయింది: ఇల్లు కట్టినా, అమ్మినా, అద్దెకిచ్చినా సర్టిఫికెట్ ఉండాలి, దానికి పదేళ్ళకు మించి గడువు ఉండరాదు.

ఇక ఇంగ్లండులో దాన్ని అమలుచేసిన తీరు చదివితే మన ఆఫీసులే గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇల్లు అమ్మేవాడు ముందే కాగితాలన్నీ సిద్ధం చేసి ఒక కట్టగా ఇవ్వాలని 'హోమ్ ఇన్ఫర్మేషన్ ప్యాక్' అనే పద్ధతి తెచ్చి, ఈ సర్టిఫికెట్‌ను అందులో పెట్టారు. 2007 జూన్ 1 నుంచి అన్నారు. తీరా చూస్తే ఇళ్ళు తనిఖీ చేసేవారు చాలినంతమంది తయారు కాలేదు. సర్వేయర్ల సంస్థ కోర్టుకెక్కింది. దాంతో ఆగస్టు 1కి వాయిదా వేసి, మొదట నాలుగు పడకగదుల ఇళ్ళకు, సెప్టెంబరులో మూడు గదులవాటికి, డిసెంబరులో మిగతావాటికి అంచెలంచెలుగా వర్తింపజేశారు. అమ్మేవారికి ఖర్చు, కొనేవారికి నమ్మకం లేదు. 2010 మేలో ప్రభుత్వం మారగానే ఆ కట్ట మొత్తాన్ని పక్కన పెట్టేశారు. యూరప్ ఆదేశం ఉంది గనుక ఈ.పి.సి. ఒక్కటి బతికింది. అద్దె ఇళ్ళకు అది 2008 అక్టోబరు 1 నుంచే తప్పనిసరి.

కాగితం తయారయ్యే పద్ధతి చెప్తాను. అర్హత ఉన్న తనిఖీదారు వచ్చి గదులు కొలుస్తాడు, గోడ ఏ రకమో, పైకప్పు కింద దూది పరిచారా, కిటికీకి అద్దం ఒకటా రెండా, నీళ్ళు కాచేది దేనితో, బల్బులు ఎలాంటివి అని రాసుకుంటాడు. గోడ పగలగొట్టి చూడడు. కనపడనిదాన్ని ఇల్లు కట్టిన కాలాన్నిబట్టి ఊహిస్తాడు. అందులో ఉండేవారి కరెంటు బిల్లు అడగడు. మామూలు కుటుంబం మామూలుగా ఉంటే చదరపు మీటరుకు ఎంత ఖర్చవుతుందన్న లెక్కే అది. 92 పైన వస్తే 'ఎ', 69 నుంచి 80 'సి', 55 నుంచి 68 'డి', 39 నుంచి 54 'ఇ', 21 నుంచి 38 'ఎఫ్', అంతకు దిగువ 'జి'. ఇప్పుడున్న అంకె పక్కనే, చెప్పిన మరమ్మతులు చేస్తే ఎంతకు పెరుగుతుందో కూడా వేస్తారు. మన ఈ.సి. ఇల్లు ఎవరిదో, ఎక్కడ తాకట్టులో ఉందో చెబుతుంది. ఆ ఇంట్లో మనిషి ఎలా ఉంటాడో చెప్పదు. రెండూ కలిపి చదివితే గాని ఇల్లు తెలియదనిపించింది.

పదేళ్ళపాటు ఈ కాగితం సమాచారం మాత్రమే. దానికి పళ్ళు వచ్చింది 2018 ఏప్రిల్ 1న. 2011 నాటి చట్టం కింద 2015లో చేసిన నిబంధనల ప్రకారం, ఇంగ్లండు, వేల్సులలో ఆ తేదీ నుంచి 'ఇ' కంటే దిగువన ఉన్న ఇంటిని కొత్తగా అద్దెకు ఇవ్వరాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి పాత అద్దెలకూ అదే వర్తించింది. మినహాయింపు కావాలంటే యజమాని బహిరంగ రిజిస్టరులో నమోదు చేసుకోవాలి. అతిక్రమిస్తే స్థానిక కౌన్సిలు 5,000 పౌండ్ల దాకా జరిమానా వేయవచ్చు. మా వాళ్ళ ఒప్పందం 2018 జూలైది. సర్టిఫికెట్ 2009 నాటిది, 'ఎఫ్'. సర్టిఫికెట్లను కంప్యూటర్లో ఎవరైనా రుసుము లేకుండా చూడవచ్చు; చూశాం, అదే కాగితం. మినహాయింపు రిజిస్టరులో ఆ ఇల్లు లేదు.

జనవరిలో నేనే ముసాయిదా రాశాను, అమ్మాయి ఇంగ్లీషు సరిచేసి పంపింది. రెండు వారాలకు జవాబు వచ్చింది: ఇష్టం లేకపోతే ఖాళీ చేయవచ్చునని. అమ్మాయి భయపడింది. అప్పట్లో అక్కడ కారణం చెప్పకుండానే రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయించే వీలుండేది. "నాన్నా, పిల్లతో నడి చలికాలంలో ఎక్కడికి పోతాం? వదిలేద్దాం" అంది. అల్లుడుగారు ఏమీ అనలేదు గాని ఆయన ముఖంలో కూడా అదే ఉంది. నేను తెచ్చిపెట్టిన తగాదా అని నాకూ అనిపించింది. రెండురోజులు ఆలోచించి రెండో ఉత్తరం రాశాం. అందులో బెదిరింపు ఒక్క ముక్క లేదు. సర్టిఫికెట్ నంబరు, ఒప్పందం తేదీ, నిబంధన తేదీ వేసి, అడుగున "నకలు: స్థానిక కౌన్సిలు వారికి" అని ఒక్క లైను చేర్చాం. నకలు నిజంగానే పంపాం. ఆ అడుగు లైను బలం మన సర్వీసులో ఉన్నవారందరికీ తెలుసు.

మార్చిలో పనివాళ్ళు వచ్చారు. పైకప్పు కింద 270 మిల్లీమీటర్ల మందాన దూది పరిచారు, వేడినీళ్ళ ట్యాంకుకు తొడుగు వేశారు, బల్బులు మార్చారు. కొత్త సర్టిఫికెట్లో 41 వచ్చింది, 'ఇ'. చట్టానికి సరిపోయింది. గోడ మాత్రం అదే గోడ. పైగదులు కొంచెం వెచ్చబడ్డాయి గాని మరుసటి చలికాలం బీరువా వెనక బూజు మళ్ళీ వచ్చిందని అమ్మాయి ఫోటో పంపింది. నిబంధన అడిగింది అంకెనే గాని గోడను కాదు. అక్కడివారి విమర్శ కూడా ఇదే. 'సి'కి పెంచాలన్న ప్రతిపాదనను 2023 సెప్టెంబరులో ఒక ప్రభుత్వం వదిలేసింది, 2025 ఫిబ్రవరిలో తర్వాతి ప్రభుత్వం 2030 గడువుతో మళ్ళీ ముందుకు తెచ్చింది.

2021లో మావాళ్ళు సొంత ఇల్లు కొన్నారు. ధర చెప్పకముందే అమ్మాయి నాకు సర్టిఫికెట్ పంపింది: 'డి', 62. మరుసటి ఏడు అక్కడ గ్యాసు, కరెంటు ధరలు మండిపోయినప్పుడు ఆ పాత ఇంట్లో ఉండి ఉంటే ఏమయ్యేదో అని ఇద్దరం అనుకున్నాం.

మనకు ఇలాంటిది ఉందా అని మిత్రులు అడుగుతారు. 2001 చట్టం కింద 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2006 నుంచి ఉపకరణాలకు నక్షత్రాలు ఇస్తోంది. ఇళ్ళకోసం 2018లో 'ఎకో నివాస్ సంహిత' వచ్చింది, తర్వాత ఇళ్ళకూ నక్షత్రాల పథకం పెట్టారు, అది స్వచ్ఛందం. తెలంగాణలో 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చారు. మనకు చలి కాదు, ఎండ. పై అంతస్తు ఫ్లాటు కొన్నవాడు మే నెలలో ఏమవుతాడో ఏ దస్తావేజులోనూ రాయం. నేను రిజిస్టరు చేయించిన వేల ఇళ్ళలో ఒక్కదాని కప్పు గురించి కూడా నేను అడిగింది లేదు.

లెస్టరు ఇంటి సర్టిఫికెట్ ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి చూస్తుంటాను. 41 అలాగే ఉంది. 2029 మార్చి వరకు చెల్లుతుంది. అప్పటికి నాకు ఎనభై వస్తాయి.