పూర్వుల ఊరికి పయనమగుటకు ముందు

తమిళదేశమున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో "మన ఊరు ఏది?" అను ప్రశ్నకు రెండు సమాధానములు కలవు. ఒకటి, మనము పుట్టి పెరిగిన మధుర, కోవిల్పట్టి, తంజావూరు ప్రాంతములలోని గ్రామము. రెండవది, తాతముత్తాతలు విడిచివచ్చిన గ్రామము. మనలో పెక్కురు దానిని కన్నులార చూచియుండలేదు. ఒక్కమారైనను పిల్లలను వెంటబెట్టుకొని ఆ ఊరికి పోయి రావలెనను కోరిక మన ఇండ్లలో తరచుగా వినవచ్చుచుండును. అట్టి యాత్రకు బయలుదేరుటకు ముందు, మన పూర్వులు ఇచ్చటికి వచ్చిన చరిత్రను తలచుకొనుట యుక్తము.

మన పూర్వులందరును ఒకేమారు వచ్చినవారు కారు. ఒకే కారణమున వచ్చినవారును కారు. 14వ శతాబ్దిలో విజయనగర సైన్యములు దక్షిణమునకు నడచినది మొదలు ఈ వలసలు సాగినవి. 16వ శతాబ్ది పూర్వార్ధమున మధురయందును, తంజావూరునందును తెలుగు నాయకరాజుల ప్రభుత్వములు నెలకొనగా, దండులతో వచ్చిన యోధులును, పండితులును, కళాకారులును, వారి వెనుక కృషీవలులు, చేనేతవారు, వర్తకులును ఇచ్చట నిలిచిపోయిరి. తమిళులు "కరిసల్" అని పిలుచు నల్లరేగడి నేల మన రైతులకు కొత్తది కాదు. అందు వారు ప్రత్తి పండించిరి. తంజావూరు సీమలో అచ్యుతప్ప నాయకుడు తెలుగు భాగవతుల కుటుంబములకు అగ్రహారమిచ్చెనని ప్రసిద్ధి. ఆ మేలట్టూరులో నృసింహజయంతి వేళ నేటికిని తెలుగు నాటకములు ఆడుచున్నారు. రఘునాథ నాయకుని కొలువున చేమకూర వేంకటకవి వెలసెను. 1673లో ఆ రాజ్యము అంతరించినను తరువాత వచ్చిన మరాఠా రాజులు తెలుగును విడువలేదు. 1684 నుండి 1712 వరకు పాలించిన శాహజీ తానే తెలుగున యక్షగానములు రచించెను.

రాజుల కథ గ్రంథములకెక్కినది. సామాన్యుల కథ నోటిమాటగా నిలిచినది. తొట్టియ నాయకులు చెప్పుకొను వృత్తాంతము ఒకటి కలదు. తమ కన్యను కోరిన ఒక ప్రభువునకు వెరచి వారు ఊరు విడిచి పోవుచుండగా, దాటరాని ఏరు అడ్డమైనదట. అప్పుడు ఇరుగట్టులనున్న కానుగచెట్లు తలలు వంచి వంతెనగా నిలిచినవట. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథమున ఈ కథ కలదు. ఇట్టి వలసకథనే ఆధారముగా గైకొని, ఇడైసెవల్ గ్రామమున తెలుగు కుటుంబములో జన్మించిన కి. రాజనారాయణన్ "గోపల్ల గ్రామం" అను తమిళ నవలను 1976లో ప్రకటించెను. చెట్లు వంగినవో లేదో చరిత్ర చెప్పజాలదు. కాని భయముతో ఇల్లు విడిచి, వెనుకకు మరలు దారి లేక ఏరు దాటిన మనుష్యుల మనస్సు ఆ కథలో పదిలముగా నున్నది.

పూర్వుల ఊరిని వెదకువారికి పాత పత్రములు దొరకుట అరుదు. చేతనున్న ఆధారము ఇంటిపేరే. త్యాగరాజస్వామి (1767–1847) తిరువారూరున పుట్టి తిరువయ్యారున జీవించెను. ఆయన ఇంటిపేరు కాకర్ల. నల్లమల చేరువ, కంభము ప్రాంతమున ఆ పేరుగల గ్రామము నేటికిని కలదు. కావేరీతీరమునకును, ఆ కొండసీమకును గల బంధుత్వమును ఒక్క ఇంటిపేరు కాపాడినది.

అయితే జాగ్రత్త వలయును. ప్రతి ఇంటిపేరును ఊరిపేరు కాదు. కొన్ని వృత్తిని బట్టియు, కొన్ని పూర్వపురుషుని పేరును బట్టియు వచ్చినవి. ఊరిపేరే అయినను, అదే పేరుగల గ్రామములు పలు జిల్లాలలో ఉండవచ్చును. జిల్లాల ఎల్లలును మారినవి. కంభము సీమ ఒకప్పుడు కర్నూలు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగా కొత్త జిల్లా ఏర్పడినపుడు అందు చేరినది. కావున ఇంటిపేరుతోపాటు గోత్రమును, కులదేవత పేరును, పెండ్లిండ్లలో మన ఇంటివారు ప్రత్యేకముగా పాటించు ఆచారములను పెద్దల నోట విని వ్రాసికొనవలెను. తమిళనాట మనము తండ్రి పేరులోని మొదటి అక్షరమునే పేరునకు ముందుంచుకొనుట అలవాటు చేసికొంటిమి. ఇంటిపేరు పెండ్లిమాటలనాడు మాత్రమే పలుకబడుచున్నది. దానిని ఎరిగిన అవ్వలు, తాతలు గతించిన పిదప ఎవరిని అడుగగలము?

ఇంతకంటె చింతింపవలసిన విషయము ఇంకొకటి కలదు. మన ఇండ్లలో తెలుగు వినబడుచున్నది గాని కనబడుట లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించువరకు మన ఊరును, కోస్తా, రాయలసీమలలోని పూర్వుల ఊరును ఒకే మదరాసు రాష్ట్రములో ఉండెను. నేడు నడుమ ఎల్ల వచ్చినది. 2006 నాటి చట్టమును అనుసరించి తమిళనాట పదవ తరగతి వరకు తమిళము క్రమక్రమముగా తప్పనిసరి అయినది. తమిళము నేర్చుట మనకు భారము కాదు. అది మనకు అన్నము పెట్టిన నేల భాష. కాని తెలుగు అక్షరములు నేర్పు పూచీ మునుపటికంటె హెచ్చుగా ఇంటిమీద పడినది. ఆ పూచీని మనలో ఎందరు వహించితిమి? ఇంట చక్కగా తెలుగు మాటలాడు బిడ్డ, పూర్వుల ఊరి పొలిమేరలో బస్సు దిగి, తన ఇంటిపేరే వ్రాసియున్న పలకను చదువలేక తెల్లబోయి నిలుచుట ఎంత విచారకరము!

ఆ ఊరివారు మనలను ఎరుగకపోవచ్చును. మన మాటలలోని తమిళపు యాసకు నవ్వవచ్చును. అందుకు చిన్నబోనక్కరలేదు. రాజాశ్రయము పోయిన పిమ్మటను తల్లుల నోట నిలిచి వచ్చిన భాష అది. మనము పొలములో భాగము కోరుటకు పోవుట లేదు. ఏరు దాటి పోయినవారు చెడిపోలేదని, వారి బిడ్డలు ఇంకను తెలుగున "అమ్మా" అని పిలుచుచున్నారని చెప్పి వచ్చుటకు పోవుచున్నాము.

కావున యాత్రకు నిశ్చయించుకొన్న ప్రతి కుటుంబమును రైలు టిక్కెట్లు కొనుటకు ముందు రెండు పనులు చేయవలెను. ఇంటి పెద్దలు చెప్పు వంశవృత్తాంతమును ఒక పుస్తకమున వ్రాయించవలెను. దినమునకు రెండు అక్షరముల చొప్పున పిల్లలచేత దిద్దించినచో, నెల తిరుగకముందే వర్ణమాల వారి చేతికి వచ్చును. అటుపిమ్మట ఆ పుస్తకములో తమ ఇంటిపేరును పిల్లలే తెలుగున వ్రాయుదురు గాక.