అగస్త్యుడి అసలు వెలుగెంత?

మాఘమాసపు రాత్రి తొమ్మిది దాటాక, గిద్దలూరు అవతల వీధిదీపాలు లేనిచోట, కొండ అడ్డురాకుండా దక్షిణానికి తిరిగి నిలబడితే రెండు పెద్ద చుక్కలు కనిపిస్తాయి. గొల్లకావడి దిగువన ధగధగలాడేది మృగవ్యాధుడు. ఇంకా కిందికి, చెయ్యి చాచి కొలిస్తే జానెడెత్తులో ఉండేది అగస్త్యుడు. కంటికి రెండోదాని వెలుగు మొదటిదాంట్లో సగమే. ఆ కంటి లెక్కనే శాస్త్రం చాలా కాలం నమ్ముకుంది.

క్రీ.శ. 2వ శతాబ్దిలో టాలెమీ చుక్కల్ని ఆరు తరగతులుగా విడదీశాడు. అంతకుముందే హిప్పార్కస్ వేసిన పట్టిక దీనికి మూలమంటారు. బాగా మెరిసేవి ఒకటో తరగతి, ఆనీ ఆననివి ఆరో తరగతి. చుక్కలన్నీ ఒకే గోళానికి అంటుకుని ఉన్నాయనుకునే రోజులవి కాబట్టి దూరం ప్రసక్తే రాలేదు.

1856లో ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న నార్మన్ పాగ్సన్ ఆ తరగతులకు లెక్క కట్టాడు. ఐదు తరగతుల తేడా అంటే వెలుగులో సరిగ్గా 100 రెట్లు, ఒక్కో తరగతికి సుమారు 2.512 రెట్లు. అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గే తలకిందుల పద్ధతిని మాత్రం ఆయన అలాగే ఉంచేశాడు. ఆ తిరకాసు నేటికీ వదల్లేదు: మృగవ్యాధుడు -1.46, అగస్త్యుడు -0.74.

పాగ్సన్ 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి, 1891లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి 1867లో, వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాన్నొకదాన్ని కనిపెట్టాడు.

ఇక దూరం సంగతి. నక్షత్రం ఎంత దూరమో తొలిసారి నమ్మకంగా కొలిచి 1838లో ప్రకటించినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు బెసెల్. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, మూడు రెట్లయితే తొమ్మిదో వంతుకు. మృగవ్యాధుడు 8.6 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాడు. అగస్త్యుడి దూరం సుమారు 310 అని హిప్పార్కస్ పేరును తలపించే ఐరోపా ఉపగ్రహం తేల్చింది. అంటే 36 రెట్ల దూరం. మార్కాపురం పలక మీద 36ను 36తో హెచ్చవేస్తే 1296. అంత దూరం నుంచీ సగం వెలుగు చూపిస్తున్నాడంటే అగస్త్యుడి అసలు కాంతి మృగవ్యాధుడికి 600 రెట్ల పైమాటే!

అందుకే అన్నిటినీ 32.6 కాంతి సంవత్సరాల దూరంలో నిలబెట్టినట్టు ఊహించి పోల్చే పద్ధతి వచ్చింది. అక్కడ అగస్త్యుడు మనకు కనిపించే శుక్రుణ్ణి మించిపోతాడు. మన సూర్యుడు 4.8కి దిగజారతాడు, పట్నంలో వెతికినా దొరకడు.

అయితే దూరపు చుక్కల దూరం నేరుగా కొలవడం గగనమే. అసలు వెలుగు ముందే తెలిస్తే, కనిపించే వెలుగును బట్టి దూరం రాబట్టవచ్చు. ఈ పనిలో హైదరాబాదుకూ వాటా ఉంది. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి కావడంతో వేణు బప్పు అక్కడి దూర్బీన్ల మధ్య పెరిగాడు. ఆయన, అమెరికన్ ఓలిన్ విల్సన్ కలిసి, సూర్యుడంత లేదా అంతకన్నా తక్కువ వేడి ఉన్న నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం గీతను పరిశీలించారు. ఆ గీత నడుమ మెరిసే భాగం ఎంత వెడల్పైతే నక్షత్రం అంత కాంతివంతం. 1957లో అచ్చయిన ఈ సూత్రాన్ని విల్సన్-బప్పు ప్రభావం అంటారు.