నలుగురిలో నోరు పెగలాలంటే

1921 నవంబరు 12న హైదరాబాదు వివేకవర్ధిని థియేటరులో, సంఘ సంస్కర్త కార్వే అధ్యక్షతన నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరుగుతోంది. ఇతర భాషల ప్రసంగాలను సావధానంగా విన్న సభికులు, వకీలు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే గోల చేసి ఎగతాళి పట్టించారు. ఆ రాత్రే కొందరు తెలుగువారు ఒకచోట చేరి ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. వారిలో ఒకరైన మాడపాటి హనుమంతరావు 1928లో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల నెలకొల్పారు. నారాయణగూడలో నేటికీ ఆయన పేరుతో ఉన్న బడి అదే. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది. నిండు సభలో జరిగిన అవమానం జనం నోరు శాశ్వతంగా మూయించగలదు. ఇక్కడ అలా జరగకపోవడానికి కారణం, దాన్ని ఒక మనిషి లోపంగా కాక ఒక భాషకు జరిగిన అన్యాయంగా అర్థం చేసుకోవడమే. జరిగింది మారలేదు, దాని అర్థం మారింది. నలుగురిలో మాట్లాడాలంటే వణికిపోయేవారికి నేటి మనోవైద్యం అందిస్తున్న ఒక చికిత్సకు మూలసూత్రం కూడా ఇదే.

ఈ భయాన్ని అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. 2000లో ఆన్ హాక్‌మన్, డేవిడ్ క్లార్క్ తదితరులు ఇలాంటి రోగులను పరిశీలించారు. నలుగురి మధ్యకు వెళ్లగానే వారి కళ్లముందు తమ గురించే ఒక వికృతచిత్రం మెదులుతుందనీ, దాని వేళ్లు చాలామందిలో చిన్ననాటి అవమానాల్లో ఉంటాయనీ తేల్చారు. చికిత్సలో అలాంటి ఒక సంఘటనను, ఉదాహరణకు తరగతిలో బోర్డు ముందు నవ్వులపాలైన రోజును, ముందు పిల్లవాడిగానే మళ్లీ తలచుకుంటారు. తరువాత నేటి వయసు మనిషి ఆ తరగతి గదిలోకి అడుగుపెట్టి, నవ్వేవారిని వారించి, బోర్డు ముందు బిక్కచచ్చి నిలబడ్డ పిల్లవాడికి అండగా నిలిచినట్టు ఊహిస్తారు. చివర మళ్లీ పిల్లవాడై ఆ ఊరటను అందుకుంటారు.

పాత గాయాన్ని కెలకడం ప్రమాదం కాదా, లేనిది కల్పించుకోవడం ఆత్మవంచన కాదా అని అడగవచ్చు. మొదటి సందేహం న్యాయమైనదే. అందుకే ఈ పని శిక్షణ ఉన్న చికిత్సకుల చేతుల్లోనే జరగాలి. రెండో దానికి జవాబు స్పష్టం: ఊహించుకున్నది నిజంగా జరిగిందని ఇక్కడ ఎవరూ నమ్మించరు. అవమానం జరిగిందని ఒప్పుకుంటూనే, దాన్నిబట్టి ‘నేను పనికిరానివాణ్ణి’ అని ఆనాడు పసిమనసు ఇచ్చుకున్న తీర్పునే తిరగతోడతారు. ఉద్యమానికీ చికిత్సకూ పోలికేమిటన్న ఆక్షేపణా ఉంది. రెండూ ఒకటి కావు. సంఘం కూడగట్టుకున్న ధైర్యం ప్రతి మనిషికీ దానంతటదే అందదు కనుకనే వ్యక్తికి వేరుగా చికిత్స కావాలి.

ఆ అవసరం నేడు హైదరాబాదులోని అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధుల్లో తెలుస్తుంది. కోచింగ్ సెంటర్లకూ సిటీ సెంట్రల్ లైబ్రరీకీ మధ్య బతుకు గడిపే యువతలో సివిల్స్ దాకా వెళ్లేవారికి ఇంటర్వ్యూ 275 మార్కుల గండం. నమూనా ఇంటర్వ్యూలు మాటను సానబెడతాయి. చదువంతా వచ్చినా ఇంటర్వ్యూ బోర్డు ముందు గొంతు పెగలనివారిలో కొందరికి అవి మాత్రమే చాలవు. ‘స్టేజి ఫియర్, అదే పోతుంది’ అని సరిపెట్టకుండా, అలాంటివారిని మనోవైద్యుల దాకా నడిపించే ఏర్పాటు ఈ పేటల్లో ఉండాలి. ఎగతాళికి బడితో జవాబు చెప్పిన చోట అది గొంతెమ్మ కోరిక కాదు.